కంటి కింది ముల్లు: లోచ్ చేపలను గుర్తుపట్టడంపై పాఠకుల ప్రశ్నలు

మంచినీటి కాలువల్లోనూ వాగుల్లోనూ ఇసుక, గులకరాళ్ల మధ్య బతికే సన్నని మీసాల చేపలను శాస్త్రజ్ఞులు లోచ్‌లు అంటారు. వీటి గురించి పాఠకులు వేర్వేరు చోట్ల నుంచి రాసిన ఉత్తరాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందున, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాము.

ప్రశ్న: మా పొలం పక్కనున్న గోదావరి పంట కాలువలో నీరు కట్టేసినప్పుడు ఇసుక మేటలో వేలెడు పొడవున్న చేపలు దొరికాయి. మూతి చుట్టూ మీసాలు, పక్కల వరుసగా నల్లని మచ్చలు, తోక మొదట్లో పైవైపు ఒక నల్ల చుక్క ఉన్నాయి. కొన్ని వల దారాలకు తగులుకున్నాయి. ఫొటో చూసిన ఒక మిత్రుడు ఇది పారాకాంతోకోబిటిస్ బోటియా అన్నారు. జంతుశాస్త్రం చదివే మా అన్నయ్యగారి అబ్బాయి లెపిడోసెఫాలిక్తిస్ థర్మాలిస్ అంటున్నాడు. ఎవరి మాట సరైనది? దేని ఆధారంగా తేల్చుకోవాలి?
(ఒక రైతు పాఠకుడు, కోనసీమ)

జవాబు: మీ అన్నయ్యగారి అబ్బాయి మాటే సరైనదని మీరు పంపిన ఫొటోలను బట్టి చెప్పగలను. అయితే ఆ నిర్ణయానికి ఏ దారిలో రావాలో మీరు తెలుసుకోవడం నా జవాబు కంటె ముఖ్యం. మీ మిత్రుడు తోక మొదట్లోని నల్ల చుక్కను చూసి పేరు చెప్పి ఉంటారు. ఆ చుక్క పారాకాంతోకోబిటిస్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, శాస్త్రీయ నామంలో మొదటి మాట) చేపలకు నిజంగానే ఉంటుంది, కాని లెపిడోసెఫాలిక్తిస్ చేపలకు కూడా దాదాపు అదే చోట, అదే తీరులో ఉంటుంది. ఈ రెండు ప్రజాతులూ రెండు వేర్వేరు కుటుంబాలకు చెందినవి కాబట్టి, ఒక్క మచ్చను నమ్ముకుంటే పొరపాటు జాతి దగ్గర ఆగదు, కుటుంబం దాకా పోతుంది.

మొదట చూడవలసింది కంటి కింది భాగం. చేపను తడి చేతితో పట్టుకుని, కంటికి కొంచెం కిందుగా, ముందువైపు ఉన్న సన్నని గాడిలో గుండుసూది మొనతో వెనుక నుంచి ముందుకు మెల్లగా తాకి చూడండి. అక్కడ రెండు మొనలుగా చీలిన చిన్న ముల్లు పైకి లేస్తే అది కోబిటిడే కుటుంబపు చేప గాని, బోటియిడే కుటుంబపు చేప గాని అయి ఉంటుంది. ముల్లు లేకపోతే అది నెమకీలిడే లేదా బలిటోరిడే కుటుంబానికి చెందుతుంది. బెదిరిన చేప ఈ ముల్లును తానే నిలబెడుతుంది, అందువల్లనే సన్నకన్ను వలలో ఈ చేపలు తలదగ్గర చిక్కుకుని విడిపించడానికి కష్టమవుతాయి. మీ ఉత్తరంలో చేపలు వల దారాలకు తగులుకున్నాయని మీరు రాసిన వాక్యం నాకు మొదటి ఆధారమైంది. దగ్గరగా తీసిన మూడవ ఫొటోలో కంటి కింద ఆ గాడి స్పష్టంగా కనిపిస్తోంది. పారాకాంతోకోబిటిస్ నెమకీలిడే కుటుంబంలోనిది, దానికి ముల్లు ఉండదు. దాని మగ చేపలకు కంటి కింద ముల్లుకు బదులు మెత్తని చర్మపు మడత ఒకటి ఉంటుంది, దానిని ముల్లుగా భ్రమపడకూడదు.

ముల్లు ఉన్న రెండు కుటుంబాలను విడదీయడం తేలిక. బోటియిడే చేపల ఒళ్లు పక్కల నుంచి నొక్కినట్టు లోతుగా ఉంటుంది, తోక వాజం, అంటే తోక రెక్క, బాగా చీలి ఉంటుంది. కోబిటిడే చేపలు సన్నగా, పొడవుగా ఉంటాయి. మీ చేప తోక అంచు దాదాపు నిలువుగా కోసినట్టు ఉంది, చీలిక లేదు. కాబట్టి కోబిటిడే అనే దగ్గరికి వచ్చాము.

ఇక ప్రజాతి. మగ చేప దొరికితే ఇది తేల్చడం చాలా సులువు, ఎందుకంటే లెపిడోసెఫాలిక్తిస్ మగ చేపల ఉరోవాజంలో, అంటే మొప్పల వెనుక ఉండే రెక్కల జతలో, లోపలి అంచున ఉన్న చివరి రెండు కిరణాలు (రెక్కను నిలబెట్టే సన్నని పుల్లలు), ఏడవది, ఎనిమిదవది, ఒకదానితో ఒకటి అతుక్కుని గట్టి పలకలా తయారవుతాయి. దక్షిణాసియా లోచ్‌లలో ప్రజాతిని గుర్తించడానికి ఇంత నిక్కమైన గుర్తు మరొకటి అరుదు. దీనిని సాధారణ భూతద్దంతో చూడవచ్చు. ఆడ చేపలకు ఈ పలక ఉండదు, అవి మగవాటి కంటె పెద్దవిగా ఎదుగుతాయి. ఒకే గుంపులో చిన్నవీ పెద్దవీ వేర్వేరు జాతులని అనుకోవడానికి చాలాసార్లు కారణం ఈ తేడాయే. దీనితో పాటు చెంపల మీద చిన్న పొలుసులు ఉండటం కూడా ఈ ప్రజాతి గుర్తు. వీపు వాజంలో కొనలు చీలిన కిరణాలు దీనికి ఆరు ఏడు మాత్రమే ఉంటాయి, పారాకాంతోకోబిటిస్‌లో సాధారణంగా తొమ్మిది, అంతకు మించి ఉంటాయి. కాబట్టి ముల్లును చూడడానికి వీలులేని ఫొటోలో కూడా వీపు వాజం విప్పి ఉంటే లెక్క తేలుతుంది.

జాతి దగ్గరికి వచ్చినప్పుడు మాత్రమే రంగును లెక్కలోకి తీసుకోవాలి. మన ప్రాంతంలో పోల్చవలసినవి ముఖ్యంగా థర్మాలిస్, గుంటియా అనే రెండు జాతులు. థర్మాలిస్‌కు పక్కల మీద విడివిడి మచ్చల వరుస ఉంటుంది. గుంటియా మగ చేపకు తల నుంచి తోక దాకా ఒక నల్లని చార, దాని మీదుగా లేత రంగు చార సాగుతాయి, కాని గుంటియా ఆడ చేపల్లోనూ పిల్లల్లోనూ ఆ చార తెగి మచ్చలుగా కనిపించవచ్చు. అందుచేత ఒక్క చేపను చూసి జాతిని ఖాయం చేయకూడదు, అదే చోట దొరికిన నాలుగైదింటిని, వాటిలో కనీసం ఒక ఎదిగిన మగదానిని పక్కపక్కన పెట్టి చూడాలి. మీరు పంపిన ఫొటోలలో ఉరోవాజపు పలకతో స్పష్టంగా మగదని తెలుస్తున్న చేపకు కూడా విడి మచ్చలే ఉన్నాయి. థర్మాలిస్ అని నేను నిర్ణయించడానికి కారణం అదే.

మరొక మాట కూడా చెప్పాలి. మీ మిత్రుడు ప్రజాతిని సరిగ్గా పట్టి ఉన్నా, బోటియా అన్న జాతి పేరు మన నదులకు సరిపడదు. పాకిస్తాన్ నుంచి ఆగ్నేయాసియా దాకా కనిపించే ఈ రకం చేపలన్నిటినీ చాలాకాలం ఒకే జాతిగా, బోటియాగా రాసుకున్నారు. 2015లో సింగర్, పేజ్ అనే శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతిని తిరిగి పరిశీలించి, అందులో అనేక జాతులు కలిసిపోయి ఉన్నాయని చూపారు. దక్కన్ నదుల చేపకు 1839లో సైక్స్ ఇచ్చిన మూరె అనే జాతి పేరు నిలబడింది. పాత పుస్తకాలలో, పాత సర్వే నివేదికలలో గోదావరి, కృష్ణా నదుల పట్టికల్లో బోటియా అని కనిపిస్తే, అది మూరె అయి ఉండే అవకాశమే ఎక్కువ.

ప్రశ్న: మీసాలు ఉన్నాయి కాబట్టి ఇవి జెల్ల పిల్లలో, మార్పు పిల్లలో కావా? మా చెరువులో దొరికిన వాటిని మా పిల్లలు బొమ్మిడాయి పిల్లలు అంటున్నారు.
(ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం)

జవాబు: కావు. జెల్ల, మార్పు, వాలుగ వంటి చేపలకు ఒంటి మీద పొలుసులు ఉండవు, దవడలలో సన్నని పళ్లు ఉంటాయి. లోచ్‌లకు దవడల్లో పళ్లు ఉండవు, చాలా జాతులకు చర్మంలో దిగబడిన అతి చిన్న పొలుసులు ఉంటాయి. జెల్లకు వీపు వాజం ముందు, ఉరోవాజాల ముందు గుచ్చుకునే ముళ్లు ఉంటాయి. లోచ్‌కు ఆ చోట్ల ముల్లు ఉండదు. వంశం ప్రకారం చూస్తే లోచ్‌లు బొచ్చె, శీలావతి, ఎర్రమోసు ఉన్న సిప్రినిఫార్మిస్ క్రమంలోనివి, మీసాలు రెండు వర్గాలకూ ఉన్నంత మాత్రాన అవి ఒకటి కావు. నీటి అడుగున, బురదలో మేత వెతుక్కునే చేపలకు రుచిని, స్పర్శను పసిగట్టే మీసాలు అక్కరకు వస్తాయి. బొమ్మిడాయిని గుర్తించడం ఇంకా సులభం. దాని వీపు మీద వాజానికి ముందు విడివిడి ముళ్ల వరుస ఉంటుంది, మూతి కొన తొండంలా ముందుకు సాగుతుంది. మీ పిల్లలకు ఈ రెండు గుర్తులు చూపిస్తే మళ్లీ పొరబడరు.

ప్రశ్న: లెపిడోసెఫాలిక్తిస్‌కు ఎనిమిది మీసాలని ఒక పుస్తకంలో, ఆరు అని మరొక పుస్తకంలో చదివాను. అలాగే థర్మాలిస్ పేరు పక్కన వలెన్సియెన్ పేరును, 1846 సంవత్సరాన్ని బ్రాకెట్లలో ఎందుకు వేస్తారు? కొన్ని చేపలకు బ్రాకెట్లు లేవు. పాత పుస్తకాలలో ఉన్న కోబిటిస్ థర్మాలిస్, నీమకీలస్ వంటి పేర్లు ఇప్పుడు తప్పయినట్టేనా?
(డిగ్రీ విద్యార్థిని, కాకినాడ)

జవాబు: మీసాల సంగతి మొదట. మూతి ముందర రెండు జతలు, నోటి మూలల్లో ఒక జత కలిసి ఆరు మీసాలు. కింది పెదవి మీద కండగల తమ్మెలు రెండు పక్కలా ఉంటాయి, వాటి కొనలు కొంచెం సాగి మీసంలాగే కనిపిస్తాయి. వాటిని కలిపి లెక్కించిన రచయితలు ఎనిమిది అన్నారు, విడదీసిన వారు ఆరు అన్నారు. చేప మారలేదు. కంటి కింద ముల్లు లేని ఇండోరియోనెక్టిస్ అనే మరో లోచ్ ప్రజాతిలో ఇదే చిక్కు వేరొక చోట వస్తుంది. అక్కడ ముందు ముక్కు రంధ్రపు అంచు మీసంలా పొడవుగా సాగుతుంది, దానివల్ల ఆరుకు బదులు ఎనిమిది ఉన్నట్టు తోస్తుంది. అందుకే మీ రికార్డులో మీసాల సంఖ్యను ఒక్క అంకెగా రాయకండి, ఏ జత ఎక్కడ నుంచి మొలిచిందో రాయండి.

బ్రాకెట్లకు నియమం ఉంది. ఒక జాతిని మొదట వర్ణించిన వ్యక్తి దానిని ఏ ప్రజాతిలో పెట్టాడో ఇప్పటికీ అదే ప్రజాతిలో ఉంటే, ఆయన పేరు, సంవత్సరం బ్రాకెట్లు లేకుండా వస్తాయి. తరువాత వేరే ప్రజాతికి మారితే బ్రాకెట్లలో వస్తాయి. వలెన్సియెన్ 1846లో ఈ చేపను కోబిటిస్ థర్మాలిస్ అని వర్ణించాడు. ఆయన చేతికి వచ్చిన నమూనాలు శ్రీలంకలో ట్రింకోమలీ దగ్గరి కన్నియా వేడినీటి బుగ్గల నుంచి సేకరించినవి, జాతి పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆ పేరు చూసి ఇది వేడి నీటిలోనే బతికే చేప అనుకోనక్కరలేదు, మన కాలువల్లో మామూలు నీటిలో హాయిగా ఉంటుంది. బ్లీకర్ 1863లో లెపిడోసెఫాలిక్తిస్ ప్రజాతిని ఏర్పరిచాడు, ఆ తరువాత ఈ జాతిని అందులోకి మార్చారు, బ్రాకెట్లు అలా వచ్చాయి.

కోబిటిస్ అన్న పేరు ఒకప్పుడు చాలా విశాలమైన గంప. లినేయస్ 1758లో దానిలో నాలుగు జాతులు పెట్టాడు. వాటిలో మూడు లోచ్‌లు, నాలుగవది నీటి మట్టం పైనా కిందా ఒకేసారి చూడగల అనాబ్లెప్స్. లోచ్‌లతో దానికి దగ్గర చుట్టరికమే లేదు, ఇప్పుడది పూర్తిగా వేరే క్రమంలో ఉంది. 1822లో హామిల్టన్ గంగానది చేపలను వర్ణించినప్పుడు కూడా మన లోచ్‌లన్నీ ఈ ఒక్క పేరు కిందే పడ్డాయి. ఎముకలు, వాజాలు, ఇటీవల జన్యువులు పోల్చి చూసిన కొద్దీ ఆ గంప విడిపోయింది. 2012లో మారిస్ కొటెలా ప్రపంచంలోని లోచ్‌లన్నిటికీ ఒక సమగ్ర జాబితా కూర్చాడు, అందులో వెయ్యికి పైగా జాతులను గుర్తించాడు. కాబట్టి పాత పేరు తప్పు కాదు, ఆనాటి వర్గీకరణకు అది సరిపోయిన పేరు. పాత పట్టికను వాడేటప్పుడు మీరు చేయవలసింది ఆ పేరును నేటి పేరుకు జత చేయడం. నీమకీలస్ సంగతి ఇంకా చిన్నది. నేడు శాస్త్రజ్ఞులు వాడే అక్షరక్రమం నెమకీలస్. నీమకీలస్ అన్న రూపం భారతీయ గ్రంథాలలో చాలాకాలం చలామణీ అయింది. మీ ప్రాక్టికల్ రికార్డులో నేటి పేరు రాసి, పక్కన పాత పుస్తకంలోని పేరును కూడా పేర్కొనండి. పరీక్షకులు మెచ్చుకోవాలి.

ప్రశ్న: కవాల్ అడవిలో కొత్త లోచ్ జాతి దొరికిందని, దానికి తెలంగాణ పేరు పెట్టారని కొన్నేళ్ల క్రితం చదివాము. మా వాగుల్లో అటువంటి చేపలు ఎప్పటి నుంచో ఉన్నాయి కదా! ఉన్న చేప కొత్తది ఎలా అవుతుంది? మేము పట్టినది కూడా అదేనని ఎలా తెలుసుకోవాలి?
(ఒక పాఠకుడు, ఆదిలాబాద్)

జవాబు: మీరు చెప్పినది 2020లో ప్రకటించిన ఇండోరియోనెక్టిస్ తెలంగాణెన్సిస్. కవాల్ పులుల అభయారణ్యంలోని వాగు నుంచి సేకరించిన నమూనాల ఆధారంగా దానిని వర్ణించారు, అది గోదావరి పరీవాహక ప్రాంతపు చేప. కంటి కింద ముల్లు లేని నెమకీలిడే కుటుంబంలోనిది కనుక, ఇంతకు ముందు మాట్లాడుకున్న థర్మాలిస్‌తో దానిని కలపవలసిన పని లేదు.

ఊరివారికి అది పాత చేపే, ఆ మాటలో తప్పు లేదు. శాస్త్రం కొత్తది అన్నప్పుడు, అప్పటికే పేరున్న ఏ జాతిలోనూ ఇది ఇమడదని ఆధారాలతో తేలిందని మాత్రమే అర్థం. ఈ ప్రజాతి విషయంలో పోలికకు ముందుగా నిలిచేది 1872లో ఫ్రాన్సిస్ డే పుణె నుంచి వర్ణించిన ఇండోరియోనెక్టిస్ ఎవెజార్డి. ఆ తరువాత ఎన్నో దశాబ్దాల పాటు ద్వీపకల్పంలో ఈ రూపంలో కనిపించిన చేపనల్లా ఎవెజార్డి అనే రాసుకుంటూ వచ్చారు. కృష్ణా ఎగువన ఉన్న పుణె కొండవాగు ఎక్కడ, గోదావరిలో కలిసే ఆదిలాబాద్ అడవి వాగు ఎక్కడ! వాగు లోచ్‌లు చిన్నవి, దూరం వలసపోయేవి కావు, రాళ్ల మధ్య ఆ నీటినే అంటిపెట్టుకుని తరాలు గడుపుతాయి. రెండు నదుల నీరు కలవనంత కాలం వాటి సంతానమూ కలవదు. అందువల్ల విశాలమైన ప్రాంతమంతటా ఒకే పేరుతో చలామణీ అయ్యే వాగు లోచ్‌ను చూసినప్పుడల్లా, ఆ పేరు వెనుక ఒకటికి మించిన జాతులు దాగి ఉన్నాయేమోనని సందేహించడం సమంజసమని నా అభిప్రాయం. పైన చెప్పిన బోటియా విషయంలో జరిగింది అదే.

కొత్తదని నిరూపించడానికి చేసే పని ఓపికతో కూడినది. అనేక నమూనాలను తీసుకుని తల పొడవు, ఒంటి లోతు, కంటి వ్యాసం, వాజాల మధ్య దూరాలు కొలుస్తారు. ఆ కొలతలను ఒంటి పొడవులో శాతంగా మార్చి, ఇప్పటికే పేరున్న జాతులతో, వీలైతే వాటి మూల స్థలం నుంచి సేకరించిన చేపలతో పోలుస్తారు. వాజ కిరణాలను లెక్కిస్తారు. జన్యు పోలికకు ఎక్కువగా సైటోక్రోమ్ ఆక్సిడేజ్ మొదటి ఉపభాగపు జన్యువులో సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాల ముక్కను చదువుతారు. ఆ జన్యువు తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది, కనుక అందులో తేడా కనిపించగానే కొత్త జాతి అనేయకూడదు, శరీర నిర్మాణంలోని తేడా కూడా దానితో ఏకీభవించాలి. ఇవన్నీ కుదిరాక ఒక నమూనాను హోలోటైప్‌గా, అంటే ఆ పేరుకు ఆధార నమూనాగా ఎంచి, మ్యూజియం నమోదు సంఖ్యతో భద్రపరిచి, వర్ణనను ప్రచురిస్తారు. ఆ పేరు గురించి భవిష్యత్తులో ఎప్పుడు వివాదం వచ్చినా చివరకు చూసేది ఆ ఒక్క చేపనే.

మీ చేప అదే జాతి అవునో కాదో ఫొటో చూసి నేను చెప్పను. ఇండోరియోనెక్టిస్ ప్రజాతి అన్నంత వరకు మీరు స్వయంగా తేల్చుకోవచ్చు. ముల్లు లేకపోవడం, ముక్కు అంచు మీసంలా సాగి ఉండటం చూడండి. అక్కడి నుంచి ముందుకు వెళ్లడానికి నమూనా కావాలి. భారత జంతు సర్వేక్షణ సంస్థకు మంచినీటి జీవశాస్త్ర ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది, అటువంటి చోట చూపించడం మేలు. మీ వాగు అభయారణ్యం హద్దుల్లో ఉంటే మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా ఒక్క చేపను కూడా పట్టవద్దు.

ప్రశ్న: అక్వేరియం దుకాణంలో ఒంటి నిండా సన్నని అడ్డచారలున్న లోచ్ కొన్నాను. ఇదీ మన చేపేనా?
(హైదరాబాద్ పాఠకురాలు)

జవాబు: మీరు పంపిన చిత్రంలోనిది బోటియా స్ట్రయేటా. కంటి కింద ముల్లు, చీలిన తోక, లోతైన ఒళ్లు మూడూ ఉన్నాయి, అంటే బోటియిడే కుటుంబం. పైన జాతి పేరుగా వచ్చిన బోటియా ఇక్కడ ప్రజాతి పేరు, రెండింటినీ కలపకండి. దీనిని 1920లో నారాయణరావు కర్ణాటకలోని తుంగ నది నుంచి వర్ణించారు. తుంగ నీరు తుంగభద్రగా కృష్ణలోకి వస్తుంది కనుక మనకు పరాయిది కాదు, అయితే దాని సహజ నివాసం పశ్చిమ కనుమల నుంచి దిగే నదులే. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దీనిని ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించింది. పెంచడం విసుగనిపిస్తే దుకాణానికి తిరిగి ఇవ్వండి గాని చెరువులో వదలకండి. అలా వదిలిన చేప రేపు ఎవరి వలలోనైనా పడితే, ఆ చెరువు పట్టికలో లేని జాతి చేరుతుంది.

ప్రశ్న: గుర్తింపు కోసం ఫొటోలు, నమూనాలు ఎలా సిద్ధం చేయాలి?
(పలువురు పాఠకులు)

జవాబు: ఫొటోకు చేప తల ఎడమవైపు ఉండేలా, ఎడమ పక్క పూర్తిగా కనిపించేలా, పక్కన స్కేలు పెట్టి తీయండి. శాస్త్రగ్రంథాల్లో బొమ్మలు ఆ దిశలోనే ఉంటాయి కనుక పోల్చడం సులువు. చిన్న గాజు తొట్టెలో నీటిలో ఉంచి తీస్తే వాజాలు విచ్చుకుంటాయి. పై నుంచి ఒకటి, నోరు కనిపించేలా కింది నుంచి ఒకటి, కంటి దగ్గర పెద్దది చేసి ఒకటి తప్పనిసరి. బతికున్నప్పటి రంగు ద్రావణంలో పడిన కొద్ది రోజుల్లోనే మారుతుంది, కనుక ఫొటో ముందే తీసుకోవాలి.

జన్యు పరీక్షకు అవకాశం ఉంటే, కుడి పక్క ఉరోవాజం లేదా శ్రోణివాజం (పొట్ట కింది రెక్క) నుంచి చిన్న ముక్కను 95 శాతానికి తగ్గని ఆల్కహాల్‌లో వేరుగా ఉంచండి. కొలతలన్నీ ఎడమ పక్కనే తీస్తారు, అందుచేత ఎడమ పక్కను కత్తిరించకండి. ఈ ముక్కను ఫార్మలిన్‌లో వేయకముందే తీయాలి, ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. ఆ తరువాత చేపను పది శాతం ఫార్మలిన్‌లో, అంటే అంగడిలో దొరికే ద్రావణం ఒక వంతుకు నీరు తొమ్మిది వంతులు కలిపిన దానిలో, కొన్ని రోజులు ఉంచి, నీటితో కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. ఫార్మలిన్ విషం, దాని ఆవిరి కళ్లకు, ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఇంట్లో పిల్లలున్న చోట ఈ పనికి పూనుకోవద్దు, కళాశాల ప్రయోగశాలలో అధ్యాపకుల ఎదుట చేయండి.

చీటీ సీసా బయట అంటిస్తే ఊడిపోతుంది, లోపలే వేయండి. మందపాటి కాగితం మీద పెన్సిలుతో రాస్తే ఆల్కహాల్‌లో చెరగదు. వాగు పేరు, అది ఏ నదిలో కలుస్తుందో, దగ్గరి ఊరు, ఫోనులో కనిపించే అక్షాంశ రేఖాంశాలు, తేదీ, నీటి అడుగు ఇసుకో బురదో రాళ్లో రాయండి. గత నెలలో మాకు అందిన ఒక సీసాలో చేప చక్కగా భద్రపరచి ఉంది, ఉరోవాజపు పలక కూడా కనిపించింది, కాని చీటీ లేదు. పంపినవారు ఈ శీర్షిక చదువుతుంటే, అది ఏ కాలువలో దొరికిందో దయచేసి తెలియజేయండి. చేపను మేము జాగ్రత్తగా ఉంచాము.